తమ్ముడు సగంలో ఆపిన ఆట

జైలు, రెండో అంతస్తు

అక్కకు,

నీ తమ్ముడు గబ్బిలం రాస్తున్నాడు. క్షేమమే. లిఫ్టు గుంటల్లో వేలాడి వేలాడి ఆ పేరు తెచ్చుకున్నవాణ్ని, ఇప్పుడు గచ్చు మీద పడుకోవడం నేర్చుకుంటున్నాను. గదిలో నాతోపాటు ఒక లారీ డ్రైవరు, ఒక ముసలి వంటవాడు ఉన్నారు. వంటవాడి గురక ముందు బావ గురక జోలపాట.

ముందే ఒక మాట చెప్పాలి. ఇక్కడికి వచ్చే ఉత్తరాలూ, ఇక్కడి నుంచి వెళ్లే ఉత్తరాలూ విప్పి చదువుతారు. కాబట్టి కేసు సంగతులు రాయకు. రాయడానికి కొత్తగా ఏముంది గనక? బట్టల షాపు లిఫ్టులో తలుపు స్విచ్చికి అడ్డంగా తీగ పెట్టి వదిలేశాను. తలుపు తెరిచి ఉన్నా మూసే ఉందనుకుని లిఫ్టు పైకి వెళ్లిపోయింది. నేల తుడిచే ఆవిడ బకెట్ లాక్కుంటూ వెనక్కి నడిచి ఆ ఖాళీలో పడి చనిపోయింది. ఆ తీగ పెట్టింది నేనేనని ఒప్పుకున్నాను. అంతటితో అయిపోయింది. నువ్వు లాయర్ల చుట్టూ తిరిగి కాళ్లు నొప్పి చేసుకోకు.

నీకొక పని చెప్తాను. మేడ మీద నా గదిలో టీవీకి గేమ్ పెట్టె తగిలించి ఉంది కదా, అందులో ఒక ఆట సగంలో ఆపి వచ్చాను. ఒక రేవు ఊళ్లో తూకాల గుమాస్తా చచ్చిపోతాడు. ఎవరు చంపారో కనిపెట్టడానికి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. ఆ ఇన్‌స్పెక్టరమ్మ నువ్వే అన్నమాట. పరుగులూ తుపాకులూ ఏమీ ఉండవు. ఊళ్లోవాళ్లను మాట్లాడించడమే ఆట. నువ్వేమనాలో నాలుగు జవాబులు చూపిస్తుంది, ఒకటి ఎంచుకోవాలి. నువ్వు ఎంచుకున్నదాన్ని బట్టి ఆవిడకు ఓర్పో, అనుమానమో, జాలో పెరుగుతుంది. ఏది పెరిగితే కథ అటు నడుస్తుంది. ఎదుటివాళ్ల నోట్లోంచి మాట లాగడంలో నిన్ను మించినవాళ్లను నేను చూడలేదు. ఆడి, ఏం జరిగిందో నాకు రాయి. నాకు పొద్దుపోతుంది.

నేను ఆపిన చోటి నుంచే ఆడు. ఆపేటప్పుడు సేవ్ చేయడం మర్చిపోకు.

పెద్దదాన్నీ చిన్నదాన్నీ అడిగానని చెప్పు. బావను వేళకు తినమను.

నీ గబ్బిలం


ఇల్లు, మేడ మీద నీ గది

ఒరేయ్ గబ్బిలం,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత తిట్టుకున్నాను. జైలుకు వెళ్లినవాడు మొదటి ఉత్తరంలో సబ్బు పంపమంటాడు, తువ్వాలు పంపమంటాడు. నువ్వేమో ఆట ఆడమంటావు. పొద్దస్తమానం స్కూలు చొక్కాలకు కాలర్లు కుట్టే మనిషికి ఇప్పుడు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం కూడా.

అయినా ఆడాను. సెలవు రోజు మధ్యాహ్నం పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. ఆ కంట్రోలరు ఎటు పట్టుకోవాలో తెలియక, ఇన్‌స్పెక్టరమ్మను గోడకేసి కాసేపు నడిపించాను. చిన్నది పడీ పడీ నవ్వింది. నువ్వు వెళ్లాక అది నవ్వడం అదే మొదలు.

నీది మాత్రం ముట్టుకోలేదు. సగంలోంచి అందుకుంటే ఎవరెవరో నాకేం తెలుస్తుంది? పైగా ఈ ఆటలో ఒక్కొక్కరికి ఒక్క చోటే సేవ్ అవుతుందట. కొత్తగా సేవ్ చేస్తే పాతది చెరిగిపోతుందనీ, మళ్లీ రమ్మన్నా రాదనీ పెద్దది చెప్పింది. నేను చెడగొడితే వచ్చాక నా ప్రాణం తీస్తావు. అందుకని నా పేరుతో వేరే మొదలుపెట్టుకున్నాను. నీది నువ్వొచ్చేదాకా అలాగే ఉంటుంది.

రేవు ఊరు బాగానే ఉంది గానీ మనుషులే ఒక్కరూ తిన్నగా మాట్లాడరు. గుమాస్తా చచ్చిపడి ఉన్న గది చూశాను. బల్ల కింద ఒక్క చెప్పే ఉంది. రెండోది ఏమైందని పడవవాణ్ని అడిగితే వాతావరణం గురించి చెప్పాడు. వాణ్ని నేను నమ్మను. నాకు అనుమానం బాగా పెరుగుతోంది, జాలి అడుగంటింది. పెద్దది చూసి, "అమ్మా, నువ్వు ఇంట్లో ఎలా ఉంటావో ఆటలోనూ అలాగే ఉన్నావు," అంది.

మీ బావ సరిగా తినడం లేదు. మన లిఫ్టు రిపేరు షాపుకు వెళ్తారు, వస్తారు, గోడకేసి చూస్తూ కూర్చుంటారు. "వాడికి ఏం కావాలో కనుక్కున్నావా?" అని రోజూ అడుగుతారు. చూసి వద్దాం రమ్మంటే మాత్రం ఏదో ఒక పని ఉందంటారు. నీ మీద బెంగతోనే అలా అయిపోయారని నాకు అనిపిస్తోంది.

సబ్బూ తువ్వాలూ పంపుతున్నాను. నువ్వు అడగకపోయినా.

అక్క


జైలు, రెండో అంతస్తు

అక్కకు,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. లారీ డ్రైవరు పడవవాడే చంపాడని రొట్టె ముక్క పందెం కాశాడు. వంటవాడు మాత్రం, ఒక్క చెప్పు దొరికిందంటే చంపినవాడు ఇంట్లో మనిషే అయ్యుంటాడన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. ముసలాయనకు ఆ మాత్రం బెట్టు ఉండాలి.

నీకొక కిటుకు చెప్తాను. జవాబుల్లో అన్నిటికంటే కింద "ఏమీ అనకు" అని ఒకటి ఉంటుంది. ఎవరూ దాని జోలికి పోరు. నువ్వు దాన్ని నొక్కి చూడు. ఎదుటివాడు ఆ నిశ్శబ్దాన్ని మోయలేక తనంతట తనే చెప్పేస్తాడు.

కానీ అక్కా, నువ్వు ఆడాల్సింది నా ఆట. నీ ఆటలో జరిగేదంతా నేను చూసేసిందే. నేను ఆపిన తర్వాత ఏమైందో నాకు కావాలి. చెడిపోతుందని భయపడకు, చెడగొట్టు. నేనేమీ అనను. నా పేరు మీద ఉన్నదాన్ని తెరిచి, ఆవిడ చేత ఒక్క అడుగు వేయించి, సేవ్ చేసెయ్యి. మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు. వాయిదా లోపల చెయ్యి. ఎందుకంటే వాయిదా అయ్యాక నీకు ఆడే మనసు ఉండదు.

చిన్నది నవ్విందని రాశావు. ఆ ఒక్క వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

నీ గబ్బిలం


కుట్టు షెడ్డు, భోజనాల వేళ

తమ్ముడికి,

నీ ఆట తెరిచాను. ఆడలేదు.

ఈ ఉత్తరంలో ఇంతకంటే ఏమీ రాయలేను. లాయరు గారు నిన్ను చూడటానికి వస్తున్నారు. ఆయన చేతికి ఒక కవరు ఇస్తాను. చదివి, జవాబు ఆయనకే ఇవ్వు. పిల్లలు బాగానే ఉన్నారు.

అక్క


కోర్టు వరండా, చివరి బెంచీ

తమ్ముడూ,

ఇది అంటించిన కవరు. లాయరు గారు విప్పరు, ఆయన తెచ్చినది అక్కడా విప్పరట. అందుకని ఇందులో ఆట మాటలు వద్దు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీ ఆట తెరవబోతే ముందు చిన్న బొమ్మ వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ గుమాస్తా గదిలో తలుపు వైపు తిరిగి నిలబడి ఉంది. బొమ్మ కింద నువ్వు చివరిసారి సేవ్ చేసిన తేదీ, వేళ ఉన్నాయి. ఆ తేదీ నేను చచ్చేదాకా మర్చిపోయేది కాదు. మన షాపు నీలం చొక్కా వేసుకున్న మనిషి లిఫ్టు గదిలోకి వెళ్లడం చూశానని బట్టల షాపు వాచ్‌మన్ ఏ వేళ చెప్పాడో, సరిగ్గా ఆ వేళకు నువ్వు మన మేడ మీద కూర్చుని ఈ ఆట సేవ్ చేశావు. అప్పటికి నేను షెడ్డులో ఉన్నాను, పిల్లలు బడిలో ఉన్నారు. నువ్వు ఇంట్లో ఉన్నావని చెప్పగలిగింది లోకంలో ఆ బొమ్మ ఒక్కటే.

ఇప్పుడు అర్థమైంది నాకు. నీకు పొద్దుపోవడానికి కాదు ఆడమన్నది. నా చేత్తోనే దాన్ని చెరిపిద్దామనుకున్నావు. నన్ను నవ్విస్తూ, పందాలు కాస్తూ, నాకు తెలియకుండా. ఒరేయ్, నేను నీకేం అన్యాయం చేశాను?

నీలం చొక్కాలు రెండే. రెండూ నేనే కుట్టాను. ఒకటి నీది.

ఆయన్ని అడిగాను. నువ్వు నేర్పిన కిటుకుతోనే అడిగాను. భోజనం చేస్తుంటే, "ఆ రోజు పొద్దున మీరు ఎక్కడికి వెళ్లారు?" అన్నాను. "ఏ రోజు?" అన్నారు. నేనేమీ అనలేదు. "ఏదో పని ఉండి వెళ్లుంటాను," అన్నారు. నేనేమీ అనలేదు. నీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టి మళ్లీ ఎత్తారు, అందులో నీళ్లు లేవు. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

"బట్టల షాపాయన ఫోను మీద ఫోను చేశాడు," అన్నారు చివరికి. "జనం వచ్చే వేళకు లిఫ్టు ఆగిందని నానా మాటలూ అన్నాడు. అప్పటికి గడవాలి కదా అని తీగ పెట్టి నడిపించాను. స్విచ్చి కొనుక్కొచ్చి వెంటనే మార్చేద్దామనుకున్నాను. నేను మర్చిపోలేదే. స్విచ్చి కొన్నాను, తిరిగి వెళ్తూనే ఉన్నాను. దారిలో ఉండగా ఫోనొచ్చింది."

నేనేమీ అనలేదు.

"వాడు తీగ పెట్టింది నేనేనన్నాడు. నేను ఊరుకున్నాను," అన్నారు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, తడి చేత్తోనే తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన మీద అంత కోపమూ అంత జాలీ ఒకేసారి ఎలా వచ్చాయో నాకు తెలియదు.

లాయరు గారికి ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వు ఊ అను. ఆ పెట్టె సంచిలో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తాను. నాకు ఇద్దరూ కావాలి, కానీ చెయ్యని తప్పుకు నువ్వు అక్కడ పడి ఉంటే నేనెలా అన్నం తింటాను?

అక్క


జైలు, ములాఖత్ గది

అక్కకు,

లాయరు గారు గడియారం చూసుకుంటున్నారు, అందుకని గబగబా రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

పోలీసులు మన షాపుకు వచ్చినప్పుడు చిన్నది బావ కాలు పట్టుకుని నిలబడి ఉంది. బడి నుంచి అప్పుడే తెచ్చాడు దాన్ని. "తీగ పెట్టింది ఎవరు?" అని వాళ్లు అడిగారు. బావ మొహం చూశాను. ఎవరు పెట్టారో నాకు అర్థమైపోయింది. ఆయన నోరు తెరిచేలోపే నేననేశాను. ఆయన తెరిచేవాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

అమ్మా నాన్నా పోయాక నీ పెళ్లిలో నీ సామానుతో పాటు నేనూ ఆ ఇంటికొచ్చాను. ఒక్కనాడు కూడా బావ నన్ను సామానులా చూడలేదు. చదువు ఎక్కకపోతే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. నేను లోపలుంటే ఒక మంచం ఖాళీ, అంతే. ఆయన లోపలికొస్తే షాపు మూతపడుతుంది. నీ కాలర్ల మీద నలుగురూ ఎలా బతుకుతారు? పెద్దది పెద్ద చదువులు చదువుతానంటోంది. వాళ్ల నాన్న చేతుల్లో ఒక మనిషి పోయిందన్న మాట ఆ పిల్లలకు తెలియనివ్వకు.

నీకు చెప్పకుండా చేయిద్దామనుకున్నది నిజమే. నువ్వు తెలిసి చేస్తే నీకు బరువని. తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు తెలిసే చెయ్యి. వాయిదా రోజు మళ్లీ ఒప్పుకుంటాను. పెట్టె ఎవరికీ ఇవ్వకు. ఆట ఆడు అక్కా. సేవ్ చెయ్యి.

గబ్బిలం


ఇల్లు, మేడ మీద నీ గది

తమ్ముడికి,

దీన్నీ కవరు అంటించి లాయరు గారి చేతికే ఇస్తున్నాను. ఇంకెవరూ చదవరు. ఆట గురించే.

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు ఈ గదికి తాళం వేసే ఉంచాను. చీర కొంగున తాళం చెవి కట్టుకుని షెడ్డుకు వెళ్లేదాన్ని. సంచిలో పెట్టెను సర్దాను కూడా. లాయరు గారి వీధి దాకా వెళ్లి, ఆయన మెట్ల కింద నిలబడి, తిరిగి వచ్చాను. మర్నాడు మళ్లీ వెళ్దామనుకున్నాను. మర్నాడు చిన్నదానికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక వెళ్లలేదు.

మొన్న కోర్టుకు వెళ్లినప్పుడు ఆవిడ తల్లి నా పక్కన వచ్చి కూర్చుంది. పడిపోయినావిడ తల్లి. నేనెవరో తెలిసే కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "మీ తమ్ముణ్ని ఒక మాట అడిగి చెప్తావా అమ్మా," అంది. "ఆ తీగ పెట్టేటప్పుడు వాడు ఏం ఆలోచిస్తున్నాడో అడుగు. మనుషులు తిరుగుతారని తోచలేదా అని అడుగు. నాకింకేమీ వద్దు." అడుగుతానన్నాను. ఆ మాట అన్న నోరు నాదే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. అప్పుడైనా చెప్పేయాల్సింది.

వాయిదాకు ఇంకా రెండు రోజులుండగా, నిన్న మధ్యాహ్నం తాళం తీశాను. మీ బావ కింద ఉన్నారు. నేను మెట్లెక్కడం విన్నారు, పిలవలేదు.

నీ ఆట తెరిచాను. నీ ఇన్‌స్పెక్టరమ్మకు జాలి నిండుగా ఉంది, అనుమానం గింజంత కూడా లేదు. ఇన్నాళ్లూ అందరినీ వదిలేస్తూ వచ్చావు కాబోలు. గుమాస్తా గది తలుపు తీయించి, ఆవిడ చేత ఒక్క అడుగు బయటికి వేయించాను. బయట వాన పడుతోంది. అంతకంటే ఏమీ జరగలేదు. సేవ్ చేయమంటావా, పాతది చెరిగిపోతుంది, అని అడిగింది. కంట్రోలరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది అలాగే అడుగుతూ ఉంది. చేయమన్నాను.

పిల్లల కోసం చేశానని చెప్పుకోవచ్చు. నువ్వు చెప్పావు కాబట్టి చేశానని చెప్పుకోవచ్చు. రెండూ అబద్ధాలు కావు. కానీ నొక్కేటప్పుడు నాకు పిల్లలు గుర్తు రాలేదు, నువ్వూ గుర్తు రాలేదు. ఇంట్లో వంటగది గుర్తొచ్చింది. నా కుట్టు మిషను, బయట ఆయన చెప్పులు. అవన్నీ ఎక్కడివక్కడ ఉండాలనిపించింది. భయమేసింది, నొక్కాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ నా దగ్గర లేదు తమ్ముడూ.

కింద ఆయన అన్నం తిన్నారు. ఇన్నాళ్లకు కడుపునిండా తిన్నారు. వడ్డించింది నేనే. అది చూస్తూ నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్క


జైలు, కొత్త గది

అక్కకు,

శిక్ష పడ్డాక గది మార్చారు. లాయరు గారు కాగితాల మీద సంతకాలకు వచ్చారు, ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. ఎన్నేళ్లో నువ్వు కోర్టులో విన్నావు, మళ్లీ రాయను. లారీ డ్రైవరు పాత గదిలోనే ఉన్నాడు. పోతూ పోతూ నా సబ్బు వాడికిచ్చాను. ఇక్కడ కిటికీ ఉంది. వంటగది వెనక గోడ కనిపిస్తుంది. బల్లలకు పాలిష్ పట్టే పనిలో వేశారు. చేతులు ఖాళీగా లేవు, అదే చాలు.

ఆవిడ తల్లి అడిగినదానికి ఏం చెప్పాలో చాలాసేపు ఆలోచించాను. తొందరలో ఉన్నాడని చెప్పు. మళ్లీ వచ్చి తీసేద్దామనుకున్నాడని, దారిలోనే ఉన్నాడని చెప్పు. ఆ రెండు మాటలూ నిజమే కాబట్టి నువ్వు ఆవిడ కళ్లలోకి చూసి చెప్పగలవు. నేనైతే కోర్టులో ఆవిడ వైపు చూడలేకపోయాను. నాకు తెలియనిదాన్ని ఆవిడ నా మొహంలో వెతుకుతోంది.

బావ తింటున్నాడని రాశావు. మంచిది. తిననివ్వు. వడ్డించేటప్పుడు మొహం మాడ్చుకోకు, పిల్లలు చూస్తారు. పెద్దదాని ఫీజు కట్టేశారా? నా గది ఖాళీ చేసి దానికి ఇవ్వు. చదువుకోవడానికి బాగుంటుంది. పెట్టె ఎవరికైనా ఇచ్చెయ్యి.

నువ్వు చేసినదానికి నిన్ను తప్పుపట్టను. ఆడమన్నది నేను. వాయిదా లోపల చెయ్యమన్నదీ నేనే. నువ్వు చెయ్యకపోతే కోప్పడేవాణ్ని, మళ్లీ రాసి బతిమాలేవాణ్ని.

అయినా నీకు అబద్ధం చెప్పాలని లేదు. లాయరు గారి చేతికి ఆ జవాబు ఇచ్చి పంపిన దగ్గర్నుంచి వాయిదా రోజు దాకా, తాళాల చప్పుడు వినిపించినప్పుడల్లా పక్క మీంచి లేచి కూర్చునేవాణ్ని. నన్ను వదిలేస్తున్నామని నా పేరు పిలవడానికి వస్తున్నారేమోనని. మా అక్క నా మాట వినదు, చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినదు అనుకునేవాణ్ని.

నీ తమ్ముడు